రాయవేలూరు – గుడియాత్తము సీమలో కరువులు, వరదలు

రాయవేలూరునకు పశ్చిమమున, కౌండిన్యనదీ తీరమున గుడియాత్తము నెలకొనియున్నది. ఈ యేరు పలమనేరు ప్రాంతపు కొండలనుండి దిగివచ్చి పాలారులో గలియును. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడువరకు పలమనేరును గుడియాత్తమును ఉత్తరార్కాటు జిల్లాలోనివే. కావున ఇచటి కరువుల చరిత్రము తెలుగువారి చరిత్రమును అగును. వాన తప్పినను, మితిమీరినను, మొదట దెబ్బతినునది కూలిపై బ్రదుకు కుటుంబమే యని ఆ చరిత్రము తెలుపుచున్నది.

1876లో రెండు ఋతుపవనములును విఫలమయ్యెను. దానినే పెద్దలు ధాత కరువనిరి. ఆ కాలపు నేతగాని స్థితి విచారింపదగినది. అతనికి పొలము లేదు. ఎండిన పైరు అతనిది కాదు. అయినను ధాన్యపు ధర పెరుగగానే జనులు బట్ట కొనుట మానిరి. అతడు అమ్మెడి సరకు చవకయై, కొనెడి తిండి ప్రియమయ్యెను. కరువు పనులలో కంకర కొట్టిన చేతికి మరల సన్ననూలు లొంగుట కష్టము. అందుచే చెన్నరాజధానిలో కొన్ని తావులందు ప్రభుత్వము నూలిచ్చి బట్టను తానే తీసికొనెను. 1880 నాటి కరువు విచారణ సంఘము పిదప వెలసిన నిబంధనలలో, నేతగాండ్రకు స్వవృత్తియందే పని కల్పించు పద్ధతికి చోటు దొరికెను. తిండి యున్నను దానిని కొను శక్తి లేక జనులు చచ్చుట కలదని అమర్త్యసేను 1981లో ఇతర కరువుల నాధారముగా నిరూపించెను. నేతగాని యనుభవమును అదియే.

ఇక వరదలు. 1903 నవంబరులో మైసూరు సంస్థానమందలి చెరువులు తెగి పాలారు పొంగగా, వాణియంబాడిలో సుమారు 200 మంది మరణించిరి. 2021 నవంబరులో మోర్దానా ఆనకట్ట పొర్లి, కౌండిన్య గుడియాత్తపు ఒడ్డునగల ఇండ్లను ముంచెను. ఆ నెల 19వ తేదీన సమీపమునగల పేర్ణాంబట్టులో వానకు ఇల్లు కూలి, నలుగురు పిల్లలతో సహా 9 మంది మృతిచెందిరి. ఏటిలో నీరు అరుదు గనుక పేదలు ఒడ్డుననే యిండ్లు కట్టుకొందురు. గుంటమగ్గములోనికి నీరు చేరినచో పడుగు పాడగును. గుంట యారువరకు కూలి లేదు. ఆ దినములలో చేసిన అప్పు మాత్రము నీటితోపాటు తీయదు.

భూతాపము పెరుగుకొలది కుంభవృష్టులు, అనావృష్టులు తీవ్రమగుచున్నవని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కావున గంజి పోయుటతో సహాయము ముగిసినదని తలపరాదు. మగ్గము మరల ఆడునంతవరకు నూలు, కూలి, వడ్డీలేని అప్పు సమకూర్చుటయే ఈ సీమ చరిత్రము నేర్పిన పాఠము.