పేరు మారిన తరువాత: విముక్త జాతుల కథ

గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్లకు తిరిగి అమ్ముకునే ఎరుకల కుటుంబాలను 19వ శతాబ్దంలో రెండు మార్పులు దెబ్బతీశాయి. ఒకటి ప్రభుత్వ ఉప్పు విధానం, రెండవది రైలు. వ్యాపారం పోయింది, సంచారం మిగిలింది. ఇల్లూ పొలమూ లేకుండా తిరిగేవారిని బ్రిటిష్ పాలకులు ముందునుంచీ అనుమానంగానే చూసేవారు.

1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టంలోని విశేషాన్ని విద్యార్థులు జాగ్రత్తగా గమనించాలి. మామూలు నేరచట్టం ఒక మనిషి చేసిన పనిని విచారిస్తుంది. ఈ చట్టం మాత్రం పుట్టుకనే నేరంగా నమోదు చేసింది. ఫలానా తెగ నేరస్థ జాతి అని ప్రభుత్వం ప్రకటిస్తే, ఆ ప్రకటన చెల్లుతుందా లేదా అని ఏ న్యాయస్థానమూ అడగడానికి వీల్లేదు. మొదట ఉత్తర భారతంలో అమలైన ఈ విధానం 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. వేలిముద్రలు ఇవ్వాలి, పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం కూడా ప్రభుత్వానికి దక్కింది.

బాపట్ల దగ్గరి స్టువార్టుపురం ఆ కాలంలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్మెంటు. మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువార్ట్ పేరు దానికి పెట్టారు. అక్కడివారిలో పలువురు చీరాల పొగాకు కర్మాగారంలో కూలీలయ్యారు. సంస్కరణ అనే మాటకూ, చవక కూలీల అవసరానికీ అక్కడ పొత్తు బాగానే కుదిరింది.

మద్రాసులో 1947లోనూ, దేశమంతటా 1952 ఆగస్టు 31నా ఈ చట్టం రద్దయింది. అధికార భాషలో వారు 'డీనోటిఫైడ్' తెగలయ్యారు, తెలుగులో విముక్త జాతులు. అయితే మద్రాసు 1948లోనే అలవాటుపడ్డ నేరస్థుల చట్టం తెచ్చింది. కాగితం మీద అది జాతి గురించి కాదు, వ్యక్తి గురించే. అనుమానితుల జాబితా రాసే చేతులు మాత్రం పాతవే.

మర్యాదైన పేర్లు పెట్టడం వట్టి మాటల గారడీ అని కొందరంటారు. నేను ఒప్పుకోను. రిజిస్టరులో రాసిన మాట ఒక మనిషిని రాత్రిపూట స్టేషనుకు నడిపించగలదు. కానీ ఉత్తర్వులో మాట మారినంత తేలికగా ఊరి నోట మారదు. 1991లో ఒక ప్రముఖ తెలుగు సినిమా పేరే 'స్టువార్ట్‌పురం పోలీస్ స్టేషన్'. అక్కడ పుట్టి చదువుకున్న పిల్లలు కళాశాలలో ఊరి పేరు చెప్పడానికి ఎంత తడబడి ఉంటారో మీరే ఊహించండి.

1998లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లాలో బుధన్ శబర్ పోలీసు కస్టడీలో మరణించాడు. అతనిది ఖేడియా శబర్ తెగ. కలకత్తా హైకోర్టు నష్టపరిహారమూ, సిబిఐ దర్యాప్తూ ఆదేశించింది.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో తీర్పు చెప్పేనాటికి కూడా కొన్ని రాష్ట్రాల జైలు నిబంధనల్లో 'సంచార', 'నేరస్థ' తెగల ప్రస్తావన చెరగలేదు. ఖైదీల రిజిస్టర్లలోని కులం గడిని తొలగించాలని, విముక్త జాతుల వారిని ఇష్టారాజ్యంగా అరెస్టు చేయకుండా పోలీసులు చూడాలని ఆ తీర్పు ఆదేశించింది. చట్టం రద్దయి అప్పటికి 72 సంవత్సరాలు.