పరపతి సంఘములు – బ్యాంకు వ్యవహారములు

మనుస్మృతి పదునెనిమిది వ్యవహారపదములను చెప్పుచు ఋణాదానమును మొదటను, నిక్షేపమును రెండవదిగాను పేర్కొన్నది. అప్పిచ్చుట వేఱు, పరుల సొమ్మును కాపాడుట వేఱు అని పూర్వులు గ్రహించిరి. దాచిన వస్తువునే మరల నిచ్చునది నిక్షేపము గనుక నేటి డిపాజిట్టు దానితో పూర్తిగా సరిపోలదు. అయినను ఈ భేదమును మఱచుటచేతనే సహకార పరపతి సంఘములకు పెక్కు చిక్కులు వచ్చినవని నా యభిప్రాయము. కుల సంఘముల సహాయనిధులను బ్యాంకులుగా మార్పవలెనను మాట అప్పుడప్పుడు వినవచ్చుచుండుటచే ఈ చరిత్రను సోదరుల యెదుట నుంచుచున్నాను.

జర్మనీ దేశమున రైఫైజెన్ అను నాతడు 1864లో హెడ్డెస్‌డార్ఫున నెలకొల్పిన సంఘమున సభ్యులందఱును సంఘపు అప్పులకు తమ యావదాస్తితో బాధ్యులు. ఒకరి నడవడి నొకరెఱిగిన పల్లెలో నిది చెల్లెను. మద్రాసు ప్రభుత్వము కోరగా ఫ్రెడరిక్ నికల్సన్ దొర ఐరోపా సంఘములను పరిశీలించి నివేదిక వ్రాసెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వెలువడెను. ఆ యేటనే కాంచీపురమున పట్టణ సంఘ మొకటి రిజిస్టరయ్యెను.

సభ్యుల పొదుపు స్వల్పమగుటచే సంఘములు ఎదుగలేదు. 1951–52 నాటి గ్రామీణ పరపతి విచారణలో, రైతులు తెచ్చిన అప్పులలో సహకార సంఘముల వంతు నూటికి మూడు మాత్రమే యని తేలెను. కావున వెలుపలి వారి డిపాజిట్లు, చెక్కులు మొదలగు సేవలను చేపట్టుట తప్పని చెప్పజాలము. పట్టణ సంఘములు పెరిగినది వానివలననే. 1966 మార్చి 1 నుండి బ్యాంకింగు చట్టము సహకార బ్యాంకులకును వర్తించెను. బ్యాంకు వ్యవహారము రిజర్వు బ్యాంకు చేతను, సంఘపాలన రిజిస్ట్రారు చేతను ఉండుటతో, లోపము బయటపడినపుడు బాధ్యత యెవ్వరిదో తేలకుండెను.

2001లో అహమ్మదాబాదునందలి మాధవపుర మర్కంటైల్ సహకార బ్యాంకు షేరు దళారులకు అమితముగా అప్పిచ్చి కూలెను. దానిలో నిధుల నుంచిన ఇతర సహకార బ్యాంకులును చిక్కుపడినవి. అనంతరము మన జంటనగరములలో కృషి, చార్మినార్, ప్రుడెన్షియల్ బ్యాంకులు మూతపడెను. ఆ కాలముననే నేను ఇంటికై కూడబెట్టిన సొమ్ము ఒకానొక పట్టణ బ్యాంకులో చిక్కుకొన్నది. తలుపుల యెదుట నిలిచినప్పుడు గాని నాకు ఒక సంగతి తెలియలేదు. నేను డిపాజిట్టుదారుడనే కాని సభ్యుడను కాను. సర్వసభ్య సమావేశమున నోరు విప్పు హక్కు అప్పు గొన్నవారికి కలదు, సొమ్ము దాచిన నాకు లేదు. ఋణము గొన్నవారే ఏలికలైనచో వసూలు మందగించుట వింతయా?

దీనికి భిన్నముగా 1956లో స్థాపితమైన ముల్కనూరు సంఘమున పొదుపు చేయువాడును, అప్పు తీసికొనువాడును, ధాన్యము అమ్ముకొనువాడును ఆ రైతే. అతని సొమ్మే అతని చేతిలోని పగ్గము.

డిపాజిట్లకు గల బీమా 1993 నుండి 1 లక్ష రూపాయలుండగా, 2020 ఫిబ్రవరి 4 నుండి 5 లక్షలైనది. ఈ రక్షణ బ్యాంకులకే గాని, పొదుపు సంఘముల డిపాజిట్లకును, మన సహాయనిధుల వంటి వానికిని లేదు.