చేపల కన్నా ముందు తొట్టిలో చేరాల్సినవి

కొత్తగా అక్వేరియం కొన్న ఇంట్లో రెండో వారం గడ్డుకాలం. నీళ్లు తేటగానే ఉంటాయి, మోటారు బుడగలు వదులుతూనే ఉంటుంది. చేపలు మాత్రం పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి, ఒక్కొక్కటే పోతాయి. చేపలు మంచివి కావనో, నీళ్లు పడలేదనో అనుకుంటాం. అసలు సంగతి తేలడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. ఆ కథలో ఒకే పేరున్న తండ్రీ కొడుకులు ఉన్నారు.

తండ్రి రాబర్ట్ వారింగ్టన్, లండన్‌లో రసాయన శాస్త్రవేత్త. 1849లో 12 గ్యాలన్లు పట్టే గాజుపాత్రలో ఇసుక, రాళ్లు వేసి, వాలిస్నేరియా అనే పొడుగాకుల నీటిమొక్క నాటి, రెండు గోల్డ్‌ఫిష్‌లను వదిలాడు. చేప వాడుకునే ప్రాణవాయువును మొక్క తిరిగి ఇస్తుంది కాబట్టి నీళ్లు మార్చకుండానే రెండూ బతకాలి. కొన్నాళ్లకు ముదురాకులు కుళ్లి నీళ్లు చెడసాగాయి. అప్పుడాయన చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్లునూ జిగురునూ తినేశాయి, వాటి గుడ్లూ పిల్లలూ చేపలకు తిండయ్యాయి. 1850లో ఈ ఫలితాన్ని కెమికల్ సొసైటీ ముందు పెట్టాడు. 1853లో లండన్ జూలో చేపలశాల తెరిచారు. మరుసటేడు ఫిలిప్ హెన్రీ గాస్ ‘ది అక్వేరియం’ పుస్తకం వచ్చింది. గాజుతొట్టి ఇళ్లలోకి చేరింది.

వారింగ్టన్ వివరణ ప్రధానంగా ప్రాణవాయువు చుట్టూ తిరిగింది. కానీ చేప తన మొప్పల గుండా అమ్మోనియాను కూడా వదులుతూ ఉంటుంది. అది కొంచెం పేరుకున్నా ఆ మొప్పలనే దెబ్బతీస్తుంది. రెండు చేపలు, బోలెడు నీళ్లు, ఎదిగే మొక్క ఉన్నచోట ఆ ప్రమాదం పైకి కనబడదు.

ఆ అమ్మోనియా ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు అక్వేరియం వైపు నుంచి కాక మురుగునీటి వైపు నుంచి వచ్చింది. 1877లో ఫ్రాన్సులో ష్లోజింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఇసుక, సుద్దపొడి నింపిన పొడవాటి గొట్టంలోంచి మురుగునీటిని మెల్లగా పంపుతూ పోయారు. సుమారు 20 రోజులు ఏమీ జరగలేదు, అమ్మోనియా పోసినట్టే కిందికి దిగింది. ఆ తర్వాత నైట్రేట్ కనిపించడం మొదలైంది. వట్టి రసాయన చర్య అయితే మొదటిరోజే జరగాలి కదా! క్లోరోఫాం ఆవిరి పంపితే పని ఆగిపోయింది. క్లోరోఫాం పోయాక కాస్త మట్టి కడిగిన నీళ్లు పోస్తే మళ్లీ మొదలైంది. అంటే ఆ ఇసుకలో ప్రాణమున్నదేదో కాపురం పెట్టింది. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇదే.

ఆ దారి పట్టుకున్నవాడు కొడుకు రాబర్ట్ వారింగ్టన్. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ, అమ్మోనియా ముందు నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా రెండు అంచెల్లో మారుతుందని చూపాడు. తండ్రి 1867లోనే కన్నుమూశాడు. గోల్డ్‌ఫిష్‌ల పాత్రలో తాను వివరించని భాగాన్ని సొంత కొడుకే పొలం మట్టిలో వెతికి పట్టుకున్న సంగతి ఆయనకు తెలియలేదు. ఈ మార్పు చేసే బాక్టీరియాను విడదీయడం మాత్రం కొడుకు వల్ల కాలేదు. 1890లో జూరిచ్‌లో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఆ పని సాధించాడు. సేంద్రియ ఆహారమేదీ లేని ద్రవంలో పెంచడమే కిటుకు. అమ్మోనియాయే వాటికి శక్తినిస్తుంది.

అలా బతికే జీవులు నిదానంగా పెరుగుతాయి. ఒక్కటి రెండు కావడానికే చాలా గంటలు, ఒక్కోసారి రోజు కూడా పడుతుంది. కొత్త తొట్టికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమనేది అందుకే. ముందు అమ్మోనియా పెరిగి తగ్గాలి, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గాలి. నైట్రైట్ మిగిలి ఉంటే చేప రక్తం గోధుమరంగుకు తిరిగి ప్రాణవాయువును మోయలేదు. భీమవరం వైపు చేపల, రొయ్యల రైతులకు ఈ రెండు పేర్లూ కొత్త కాదు. చెరువు నీళ్లు పరీక్షకు ఇచ్చినప్పుడల్లా వాళ్లు చూసుకునే అంకెలవి.

తొట్టి అమ్మిన రోజే పది చేపలు సంచిలో కట్టివ్వడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఖాళీ తొట్టిలో చిటికెడు మేత వేస్తూ ఫిల్టర్ నడపాలి, పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యాక రెండు మూడు చేపలతో మొదలుపెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి స్పాంజిని కొత్త ఫిల్టర్‌లో పెడితే ఈ గడువు బాగా తగ్గుతుంది. 1877లో పోసిన మట్టినీళ్ల పనే అది. ఆ స్పాంజిని క్లోరిన్ కలిసిన కుళాయినీళ్లలో కడగకూడదు, తొట్టి నీళ్లలోనే పిండాలి.

మంచినీటి తొట్టెల్లో రెండో అంచె పని చేసేది నైట్రోబాక్టర్ అని పుస్తకాలు చాలాకాలం రాశాయి. 1998లో అమెరికాలో టిమొతీ హొవానెక్ బృందం ఆ తొట్టెల్లో వెతికితే కనిపించింది నైట్రోస్పైరా. 2015లో రెండు అంచెలనూ ఒంటిచేత్తో పూర్తిచేసే నైట్రోస్పైరా రకాలు బయటపడ్డాయి. వాటిలో కొన్ని దొరికింది చేపల పెంపకానికి వాడే ఫిల్టర్‌లోనే.