మాల్‌ఫంక్షన్ 54: బగ్ దొరికింది ఆపరేటర్ వేళ్ల దగ్గర

ఈసారి కథ ఒక బగ్‌ది. కానీ కోడ్ రాసినవాళ్ల వైపు నుంచి కాదు, ఆ కోడ్ ముందు రోజూ కూర్చున్న ఒకావిడ వైపు నుంచి చెప్తాను.

క్యాన్సర్‌కి రేడియేషన్ ఎలా ఇస్తారో చూశారా? పేషెంట్‌ని బల్ల మీద పడుకోబెట్టి, ఒంటి మీద గీసిన గుర్తులకు మెషీన్‌ని సరిగ్గా సర్ది, టెక్నాలజిస్ట్ బయటికొచ్చి మందపాటి తలుపు వేసేస్తారు. లోపల పేషెంట్ ఒక్కరే. బయట ఉన్నవాళ్లకి దిక్కు ఒక స్క్రీన్, ఒక కెమెరా, ఒక మైక్. ఈ ఉద్యోగాన్ని బ్రిటన్‌లో థెరపీ రేడియోగ్రాఫర్ అంటారు.

1986 మార్చి 21. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, టైలర్ అనే ఊళ్లో క్యాన్సర్ సెంటర్. మెషీన్ పేరు థెరాక్-25. తయారుచేసింది కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్. అప్పటికి రెండేళ్లలో అక్కడ 500 మందికి పైగా దాని మీద ట్రీట్‌మెంట్ తీసుకున్నారు. ఆ రోజు వచ్చినాయనకి అది తొమ్మిదోసారి. ఇవ్వాల్సింది ఎలక్ట్రాన్ బీమ్, డోసు 180 రాడ్‌లు.

ఆపరేటర్‌కి ఆ స్క్రీన్ కంఠతా వచ్చు. టకటకా కొట్టేసింది. చివరికొచ్చాక చూసుకుంటే 'ఈ' కొట్టాల్సిన చోట 'ఎక్స్' పడింది, అంటే ఎక్స్-రే. పై బాణం కీతో వెనక్కెళ్లి 'ఈ' చేసి, మిగతావన్నీ ఎంటర్, ఎంటర్, ఎంటర్. మనం ఫామ్ నింపేటప్పుడు చేసేదే కదా! స్క్రీన్ కూడా బీమ్ రెడీ అంది. నొక్కింది. మెషీన్ ఆగిపోయి 'మాల్‌ఫంక్షన్ 54' అని చూపించింది.

దాని అర్థం మాన్యువల్‌లో సరిగ్గా లేదు. ఈ మోడల్ మెషీన్లు రోజుకి 40 దాకా ఎర్రర్లు చూపించిన రోజులున్నాయి. ప్రతిసారీ 'పీ' నొక్కితే మళ్లీ నడిచేది. పైగా డోసు చాలా తక్కువ వెళ్లిందని స్క్రీన్ చెప్తోంది. ఆవిడ 'పీ' నొక్కింది.

లోపల ఆయనకి మొదటిసారే కరెంట్ షాక్ కొట్టినట్టయింది. లేవబోతుంటే రెండోది చేతికి తగిలింది. ఆ రోజు కెమెరా మానిటర్ ప్లగ్ తీసేసి ఉంది, మైక్ పనిచేయట్లేదు. ఆయన వచ్చి తలుపు బాదితే గానీ బయటికి తెలియలేదు. తర్వాత వేసిన అంచనా ప్రకారం సెకను లోపే 16,500 నుంచి 25,000 రాడ్‌లు పడ్డాయి. ఐదు నెలలకి చనిపోయారు.

కంపెనీ ఇంజనీర్లు వచ్చారు, చూశారు, 54 రాలేదు. ఎక్కువ డోసు పడే అవకాశమే లేదన్నారు, కరెంట్ షాక్ అయ్యుండొచ్చన్నారు. నేను ఉద్యోగం చేసేటప్పుడు 'నా సిస్టమ్‌లో రావట్లేదు' అని ఎన్ని టికెట్లు మూసేశానో లెక్కలేదు. ఈ భాగం చదివినప్పుడు గట్టిగా తగిలింది.

ఏప్రిల్ 7న మెషీన్ మళ్లీ మొదలైంది. 11న అదే ఆపరేటర్, అదే ఎక్స్-ఈ దిద్దుబాటు, అదే 54. ఈసారి మైక్ పనిచేస్తోంది, మూలుగు వినిపించింది. ఆ పేషెంట్ మూడు వారాల్లో చనిపోయారు.

ఆ సెంటర్ ఫిజిసిస్ట్ ఫ్రిట్జ్ హేగర్ వెంటనే మెషీన్ ఆపేశారు. కంపెనీ కోసం ఎదురుచూడకుండా ఆపరేటర్‌తో కలిసి కూర్చున్నారు. ఏ కీ తర్వాత ఏ కీ నొక్కిందో ఆవిడకి బాగా గుర్తుంది. మళ్లీ మళ్లీ కొట్టి చూశారు. చివరికి 54ని కావాలన్నప్పుడల్లా రప్పించగలిగారు. కిటుకు ఏంటంటే, స్పీడ్. మెషీన్‌లో అయస్కాంతాలు సర్దుకోవడానికి 8 సెకన్లు పడుతుంది. ఆ లోపే దిద్దేసి కిందికొచ్చేస్తే ప్రోగ్రామ్‌లో ఒక భాగానికి ఆ మార్పు తెలియదు. బీమ్ ఎక్స్-రేకి కావాల్సినంత తీవ్రంగా ఉంటుంది, దానికి అడ్డుగా ఉండాల్సిన పరికరాలు మాత్రం ఉండవు. మెల్లగా కొట్టేవాళ్లకి ఈ బగ్ ఎప్పటికీ కనబడదు. పని బాగా వచ్చినవాళ్లకే వస్తుంది. హేగర్ ఫోన్లో ఈ స్పీడ్ సంగతి చెప్పాకే కంపెనీ వాళ్లకీ వచ్చింది.

ఇంకో సంగతి. ఇదే బగ్ పాత మోడల్ థెరాక్-20లోనూ ఉంది. దాంట్లో తప్పుని ఆపడానికి విడిగా హార్డ్‌వేర్ ఉండేది కాబట్టి ఫ్యూజులు పోయేవి, అంతే, మనుషులకేం కాలేదు. కొత్తదానిలో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందిలే అని ఆ హార్డ్‌వేర్ తీసేశారు. ప్రోగ్రామ్ ఎక్కువగా ఒక్కడే రాశాడు.

అన్ని చోట్లా కలిపి, 1985 నుంచి 1987 వరకు ఇలాంటి ప్రమాదాలు ఆరు. ఆరోది వేరే బగ్. ఆ తర్వాతే హార్డ్‌వేర్ రక్షణలు మళ్లీ పెట్టారు. ఈలోపు, 1986 ఏప్రిల్‌లో కంపెనీ అన్ని ఆసుపత్రులకీ పంపిన తాత్కాలిక పరిష్కారం వింటారా? పై బాణం కీ టోపీ పీకేసి, లోపల ఎలక్ట్రికల్ టేప్ అతికించమన్నారు. ఎక్కడైనా తప్పు కొడితే ఫామ్ మొత్తం మళ్లీ మొదట్నుంచి కొట్టుకోవాలి.