రాజుల ఆటలో జీతగాడు

విశాఖ పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో బంతి వేసేవాళ్లకు రెండు చివరలున్నాయి. ఒకటి డి.వి.సుబ్బారావు ఎండ్, రెండోది విజ్జీ ఎండ్. సుబ్బారావు నగరానికి మేయరుగా చేసినవారు కాబట్టి ఊళ్లో పెద్దవాళ్లకు బాగానే గుర్తు. విజ్జీ అంటే మాత్రం వైజాగ్‌కి ముద్దుపేరేమో అని కొత్త కుర్రాళ్లు అనుకున్నా తప్పుపట్టలేం. ఆయన విజయనగరం మహారాజకుమార్, విజయానంద గజపతిరాజు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకు నాయకుడు, తర్వాతి కాలంలో విశాఖపట్నం పార్లమెంటు సభ్యుడు. ఆ 1936 జట్టులోనే ఇంకో తెలుగువాడున్నాడు. ఈ కథ ఆయనది.

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో పుట్టాడు. కుటుంబం మూలాలు మచిలీపట్నంవి, తాత లాయరు. చదువుకున్న ఇల్లే, అయినా కుర్రాడికి ధ్యాసంతా మైదానం మీదే. 1916లో మతాలవారీ జట్ల పోటీల్లో హిందువుల జట్టు తరఫున యూరోపియన్లపై తొలి పెద్ద మ్యాచ్ ఆడాడు. మూడు బంతులు ఆపి నాలుగోదాన్ని సిక్సరు కొట్టాడని చెప్పుకుంటారు. తర్వాత నలభై ఏళ్లు ఆయన ఆడిన తీరు చూస్తే ఆ మాట నమ్మబుద్ధేస్తుంది.

ఆ రోజుల్లో ఆటగాడికి బువ్వ ఎక్కడిది? ఇప్పటిలా వేలంపాటలు లేవు, కాంట్రాక్టులు లేవు. రైల్వేలు, ఉక్కు కర్మాగారాలు క్రీడా కోటాలో ఉద్యోగాలిచ్చే కాలం ఇంకా రాలేదు. తెల్లవాళ్లు, రాజులు ఖర్చుపెట్టి ఆడించేవాళ్లు. ఆడేవాళ్లు ఏదో ఒక సంస్థానం నీడన చేరేవాళ్లు. 1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు నాయుడిని పిలిచి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చాడు. పేరుకు సైనికోద్యోగం, చేసే పని క్రికెట్. తర్వాత కల్నల్ అయ్యాడు కాబట్టి జనం నోట చివరిదాకా కల్నల్ సి.కె. గానే ఉండిపోయాడు. ఆటను నమ్ముకుని నిలబడిన తొలి తెలుగువాళ్లలో ఆయన్ను చెప్పుకోవాలి. 1941లో బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటనలో కనిపించాడు. అలా సరుకుకు పేరిచ్చిన మొదటి భారత క్రికెటర్ కూడా ఆయనే.

పేరు మోగింది 1926 డిసెంబరులో. ఆర్థర్ గిలిగన్ నాయకత్వంలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు బొంబాయి జింఖానాలో హిందువులతో ఆడుతోంది. అంతకుముందే ఆ జట్టువాడు గై అర్ల్ ఎనిమిది సిక్సర్లతో 130 పరుగులు చేసి, ఇక మీ వంతు అన్నట్టు వెళ్లిపోయాడు. నాయుడు 116 నిమిషాల్లో 153 కొట్టాడు. అందులో 11 సిక్సర్లు, 13 ఫోర్లు. ఓడిపోతే తలవంచుకునే జనానికి ఆ మధ్యాహ్నం తమవాడొకడు తెల్లవాళ్ల బంతిని మైదానం బయటికి పంపడం కనిపించింది. ఎంసీసీ ఆయనకు వెండి బ్యాటు బహూకరించింది. మీకూ ఒక క్రికెట్ బోర్డు కావాలని గిలిగన్ ప్రోత్సహించాడు, 1928లో అది ఏర్పడింది. ఈ దేశానికి టెస్టు హోదా రావడంలో ఆ సిక్సర్ల వాటా ఎంతో లెక్క కట్టడం కష్టం. లేదని మాత్రం అనలేం.

1932లో టెస్టు రానే వచ్చింది. నాయకుడు పోర్‌బందర్ మహారాజు, ఉపనాయకుడు లింబ్డీ యువరాజు. పోర్‌బందర్ రాజావారు ఆ పర్యటనలో చేసిన పరుగులకన్నా ఆయనకున్న రోల్స్ రాయిస్ కార్లే ఎక్కువని నవ్వుకునేవాళ్లు. కానీ ఆయనకొక సుగుణం ఉంది: తన ఆట తనకు తెలుసు. ఇద్దరూ పక్కకు తప్పుకోవడంతో జూన్ 25న లార్డ్స్ మైదానంలో టాస్ వేయడానికి కోటేరు ముక్కు, ఆజానుబాహువు అయిన నాయుడు నడిచాడు. ఇంగ్లండ్ 19 పరుగులకే మూడు వికెట్లు పోగొట్టుకుంది. మన తొలి ఇన్నింగ్స్‌లో చేతికి దెబ్బ తగిలినా 40 పరుగులతో ఆయనే పైచేయి. మ్యాచ్ 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ పర్యటనలో ఆయన చేసినవి 1618 పరుగులు, తీసినవి 65 వికెట్లు. మరుసటి ఏడాది విజ్డెన్ ఆయన్ను మేటి ఆటగాళ్ల జాబితాలో చేర్చింది.

నాలుగేళ్లకు పోర్‌బందర్ సుగుణం లేని నాయకుడు వచ్చాడు. విజ్జీకి క్రికెట్ మీద ప్రేమ లేదనలేం. 1930-31లో ఇంగ్లండ్ మేటి ఆటగాళ్లు జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్‌లను తన ఖర్చుతో ఇక్కడికి తెచ్చి ఆడించినవాడాయన. అయితే ఆడించడం వేరు, ఆడడం వేరు. మూడు టెస్టుల్లో చేసింది 33 పరుగులు. పర్యటన మధ్యలో ఆయనకు సర్ బిరుదు వచ్చింది, జట్టులోని లాలా అమర్‌నాథ్‌కు మాత్రం ఇంటికి వెళ్లిపోవాల్సి వచ్చింది. ఉదయం ఫలహారం బల్ల దగ్గర నాయుడిని అందరి ముందూ తిట్టినందుకే సహ ఆటగాడు బాకా జిలానీకి ఓవల్ టెస్టులో చోటు దక్కిందని ఆ జట్టువాళ్లు ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. జిలానీకి అదొక్కటే టెస్టు. నాయుడికీ అదే ఆఖరిది. గబ్బీ ఆలెన్ బంతి ఒంటికి తగిలి తూలినా నిలబడి 81 పరుగులు చేశాడు. ఏడు టెస్టులు, 350 పరుగులు, తొమ్మిది వికెట్లు. అంకెలు చూసి ఈ మనిషిని తూస్తే తప్పులో కాలేసినట్టే. టెస్టులు మొదలయ్యేసరికే ఆయనకు ముప్పై ఆరు దాటాయి మరి.

టెస్టులు అయిపోతే అయిపోయాయి, ఆట మానలేదు. హోల్కర్ జట్టును నడిపించి నాలుగు రంజీ ట్రోఫీలు గెలిపించాడు. చివరిది 1952-53లో. అంతకు ముందు సీజన్ ఫైనల్లో బొంబాయి పేసర్ ఫడ్కర్ బంతి మూతి మీద తగిలి పళ్లు రాలాయి. వయసు 56. పిచ్ మీద పడ్డ పళ్లను పక్కకు ఊడ్చేసి మళ్లీ గార్డ్ తీసుకున్నాడని చూసినవాళ్లు చెప్పారు. శిష్యుల పట్ల కూడా అంతే కరుకు. దెబ్బ తగిలినచోట రుద్దుకోవడం ఆయన కళ్లపడకూడదు.

1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. ఆ సీజన్లోనే ఆంధ్ర పేరుతో ఒక జట్టు మొదటిసారి రంజీలోకి దిగింది. దానికి నాయకుడెవరు? నాగపూర్‌లో పుట్టి, ఇండోర్‌లో స్థిరపడి, 58 ఏళ్లు నిండిన సి.కె. పూర్వీకుల నేల పిలిచింది, వచ్చాడు. మనవళ్ల వయసు పిల్లలతో కలిసి ఎండలో నిలబడ్డాడు. ఆంధ్ర జట్టు చరిత్రలో మొదటి పుట ఆయన పేరుతో మొదలవుతుంది. 1956లో పద్మభూషణ్ అందుకున్న తొలి క్రికెటరయ్యాడు. ఆ తర్వాత కూడా, 61 ఏళ్ల వయసులో, ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడాడు.

విజ్జీ 1962లో విశాఖ నుంచి లోక్‌సభకు మళ్లీ గెలిచి, సభ్యుడిగా ఉండగానే 1965 డిసెంబరులో కన్నుమూశాడు. నాయుడు 1967 నవంబరు 14న ఇండోర్‌లో పోయాడు. అంతకు కొన్నేళ్ల ముందు, 1963-64లో, మహారాష్ట్ర గవర్నర్ జట్టుకూ ముఖ్యమంత్రి జట్టుకూ జరిగిన మ్యాచ్‌లో ఆఖరిసారి బ్యాటు పట్టాడు. అప్పటికి అరవై ఎనిమిది.