దూది కోసం తలపెట్టిన దారి, జనానికి మిగిలిన లాంచీ

గొల్లపల్లిలో రేవు లేదు. బస్తర్ దక్షిణపు కొసన, సుక్మా జిల్లా కుంట తాలూకాలో అడవి మధ్య ఊరది. అయినా ఆ ఊరి నుంచి మరాయిగూడెం మీదుగా కిందికి దిగితే దుమ్ముగూడెం దగ్గర గోదావరి తగులుతుంది. తూర్పుకు నడిస్తే కుంట దగ్గర శబరి. రెండూ కూనవరం దగ్గర కలిసి, పాపికొండల సందులో ఒదిగి, రాజమండ్రి చేరి, ఆపైన సముద్రంలో పడతాయి. తారు రోడ్లు పడకముందు ఈ అడవికి లోకంతో ఉన్న రాచబాట ఈ నీళ్లే. కింది నుంచి ఉప్పూ గుడ్డా ఎక్కి వచ్చేవి, పై నుంచి టేకు దుంగలూ వెదురూ తెప్పలుగా దిగిపోయేవి.

ఈ బాట ఎప్పటిదంటే చెప్పడం కష్టం. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సేనలకు చిక్కాక, ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్‌లో రాజ్యం పెట్టాడని అక్కడి రాజవంశం చెప్పుకుంటుంది. దంతేశ్వరి అమ్మవారు కూడా ఆయన వెంటే నడిచి వచ్చిందట. చరిత్రకారులు ఎంత ఒప్పుకుంటారన్నది వేరే మాట. తెలుగు నేల నుంచి బస్తర్ వెళ్లాలంటే ముందు ఏటిని దాటాలన్న సంగతి మాత్రం ఆ కథలోనే ఉంది. దాటించినవి ఏ రాజుగారి నావలో కావు. తాటిమాను తొలిచిన దోనెలు. ఒంటి దోనె తిరగబడుతుందని రెంటిని జతచేసి కట్టుకునే పద్ధతి కోయ, దొర్ల ఊళ్లకు కొత్తది కాదు.

దోనె నుంచి లాంచీ దాకా రావడానికి నడిపించింది మాత్రం దూది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ దృష్టి ఎగువకు మళ్లింది. ఆయనకు రైళ్ల కన్నా జలమార్గాల మీదే గురి ఎక్కువ. గోదావరిని, ప్రాణహితను, వార్ధాను పడవలు నడిచే దారిగా మారిస్తే, బేరారు నల్లరేగళ్లలో పండే పత్తి చవకగా డెల్టా దాటి ఓడరేవుకు చేరుతుందని ఆయన లెక్క. లెక్క ఆయనదైనా అవసరం లాంకషైర్ బట్టల మిల్లులది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోగానే ఆ మిల్లులు ఇండియా వైపు చూశాయి. ఎక్కడో అట్లాంటిక్ అవతల యుద్ధం, ఇక్కడ దుమ్ముగూడెంలో రాళ్లు కొట్టే కూలి!

దారికి ముందు నేల కావాలి కదా. 1860లో నిజాముతో ఒప్పందం చేసుకుని, గోదావరి ఎడమ గట్టున భద్రాచలం, రేకపల్లి, చర్ల, నూగూరు, సిరోంచ వగైరా తాలూకాలను ఇంగ్లీషువాళ్లు తీసుకున్నారు. నదిలో నడిచే సరుకుకు సుంకం ఉండకూడదన్న షరతూ పెట్టుకున్నారు. వాటితో ఎగువ గోదావరి అనే జిల్లా ఏర్పడింది. బస్తర్ మీద 1862లో తొలి వివరమైన నివేదిక రాసిన గ్లాస్‌ఫర్డ్ ఆ జిల్లా డిప్యూటీ కమిషనరే. ఆ అడవిలో అప్పటికే సెగ ఉంది. హైదరాబాదు కంట్రాక్టర్లు సాలచెట్లు నరికి తరలిస్తున్నారని 1859లో దక్షిణ బస్తర్ జమీందారీల్లో కోయలు, దొర్లలు తిరగబడ్డారు. నది సరుకు దారి కావడం అంటే ఏమిటో అడవివాళ్లకు కాటన్ కన్నా ముందే అర్థమైంది.

పని హేగ్ అనే ఇంజనీరు చేతికి వచ్చింది. దారిలో రాతిపరుపుల అడ్డంకులు మూడు: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవల్మర్రి. ఒక్కొక్క చోట ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, పడవను మెట్టు ఎక్కించేందుకు లాకులు పెట్టాలి. దుమ్ముగూడెం దగ్గర పని చాలా వరకు అయింది. గొల్లపల్లి వైపు నుంచి దిగి వచ్చేవాళ్లకు ఇప్పటికీ ఎదురయ్యే ఆ పాత రాతి ఆనకట్ట అప్పటిదే. పైన రెండు చోట్లా జ్వరాలు, కూలీల కొరత, ఏటికి నీళ్లు ఉండే నెలలు కొన్నే కావడం పనిని తినేశాయి. ఈలోగా 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది. పత్తి రైలెక్కి పడమటికి వెళ్లిపోయింది. అమెరికా యుద్ధం అప్పటికే ముగిసింది. 1871లో ఎగువ గోదావరి పనులు ఆపేశారు. మూడేళ్లకు జిల్లానూ రద్దు చేసి భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. కాటన్‌ను దేవుడిలా కొలిచే డెల్టా పుస్తకాల్లో ఈ అధ్యాయం రెండు వాక్యాలు దాటదు. ఓడిపోయిన పథకం కదా!

ఓడింది పత్తి పథకమే, ప్రయాణం కాదు. సరుకు కోసం అలవాటైన దారిలో జనం మిగిలారు. రాజమండ్రి దగ్గరైతే ఏరు రైలునే ఆపేసింది. 1893లో తూర్పు తీరం రైలు వచ్చినా నది మీద వంతెన లేదు. కొవ్వూరులో దిగి, రేవు దాటి, రాజమండ్రిలో మళ్లీ బండి ఎక్కాల్సిందే. 56 ఖానాల హేవలాక్ వంతెన 1900లో తెరిచేదాకా అదీ వరస. బస్సులకూ లారీలకూ ఆ సదుపాయం 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన వచ్చేదాకా దక్కలేదు.

ఎగువకు వెళ్లే లాంచీలకు ఆయుష్షు ఇంకా ఎక్కువ. రాజమండ్రి నుంచి భద్రాచలానికి నదిలో 171 కిలోమీటర్లు. పోలవరం, దేవీపట్నం దాటాక కొండలు దగ్గరకు జరుగుతాయి, నీరు నల్లబడుతుంది, సరంగు మాట తగ్గించి చుక్కాని మీద దృష్టి పెడతాడు. పేరంటపల్లి, కూనవరం, ఆపైన రాములవారి గుడి. శ్రీరామనవమికి వెళ్లే భక్తులూ, చింతపండూ, మేకలూ, పెళ్లివారూ, బదిలీ మీద వచ్చిన బడిపంతులూ అంతా ఒకే చెక్క మీద. ఆ లాంచీ లోకాన్ని బాపు, రమణలు 1973లో ‘అందాల రాముడు’ సినిమాగా తీశారు. అప్పటికే దాని పని సగం తీరిపోయింది. 1965లో భద్రాచలం వంతెన కట్టాక కొత్తగూడెం వైపు నుంచి బస్సులు సూటిగా గుడి దగ్గరకే వచ్చేవి. కుంట మీదుగా జగదల్‌పూర్ వెళ్లే రోడ్డు బాగుపడేకొద్దీ శబరి రేవుల్లోనూ సందడి తగ్గింది.

లాంచీ అప్పటినుంచి రెండుగా చీలింది. ఒకటి పాపికొండలు చూపించే షికారు బోటు: పైన కుర్చీలు, మైకు, పాటలు, భోజనం. రెండోది ఏజెన్సీ ఊళ్ల సర్వీసు లాంచీ: బియ్యం బస్తాలు, సిమెంటు, బాలింత. ప్రమాదాలు రెంటికీ వచ్చాయి. 2018 మే 15న మంటూరు దగ్గర గాలివానలో మునిగింది సర్వీసు లాంచీ. అందులో ఉన్నది ఎక్కువగా గిరిజనులు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదలో తిరగబడింది 77 మందితో వెళ్తున్న షికారు బోటు. 26 మంది బతికారు. రెండో ప్రమాదం తర్వాతే బోట్లు ఆపడం, తనిఖీలు, కంట్రోల్ రూములు గట్టిగా మొదలయ్యాయి. మొదటి దాని పేరు ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది?

ఇప్పుడు కథ మళ్లీ కాటన్ దగ్గరకు తిరిగింది. భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా గోదావరిని కేంద్రం 2008లో జాతీయ జలమార్గం-4లో చేర్చింది. బొగ్గు, ఎరువులు, బియ్యం బార్జీల మీద తరలించాలన్న ఆలోచన. మరోపక్క పోలవరం దగ్గర కడుతున్న ప్రాజెక్టు నిండితే శబరి వెనక్కి తన్ని కుంట దాకా ముంపు వస్తుందని ఛత్తీస్‌గఢ్ సుప్రీంకోర్టుకెక్కింది. కూనవరం, చింతూరు వంటి మండలాలను 2014లో తెలంగాణ నుంచి ఆంధ్రలోకి మార్చిందీ ఈ ముంపు కోసమే. ఏరు జలాశయం అయ్యాక నీరు ఏడాది పొడుగునా ఉంటుంది, బార్జీలకు మంచిదే. పాత రేవులు మాత్రం నీటికింద పోతాయి, గట్టు ఎక్కడ తేలుతుందో అక్కడ కొత్తవి కావాలి.

జలమార్గం అధికారులకూ, రెండు గట్ల రాష్ట్రాలకూ ఒక్క మనవి. ఈసారైనా సరుకు కన్నా ముందు మనిషిని లెక్కలోకి తీసుకోండి. బార్జీల జెట్టీ కట్టే ముందు దుమ్ముగూడెం నుంచి కూనవరం దాకా, అటు శబరి మీద కుంట దాకా, రోజూ ఏరు దాటే ప్రతి రేవుకూ మెట్లు, ప్రతి పడవకూ జనం లెక్కన లైఫ్ జాకెట్లు, వరద రోజుల్లో పడవ ఆపగల అధికారం ఉన్న ఒక మనిషి ఉండేలా చూడండి.