వేగు తెచ్చిన వనితలు

రాజునకు చారులే కన్నులని మన నీతిశాస్త్రకారులు చెప్పినారు. ఆ కన్నులకు కౌటిల్యుడు పెట్టిన పేరు 'గూఢపురుషులు'. పేరులో పురుష శబ్దమే ఉన్నప్పటికీ, ఆ పనికి తగినవారిలో పరివ్రాజికను కూడా అర్థశాస్త్రం లెక్కించినది. బీదరాలు, వితంతువు, మాటనేర్పు గలది, బ్రతుకుతెరువు కోరి పెద్దల ఇండ్లకు రాకపోకలు సాగించే స్త్రీ అని ఆమెను వర్ణించినది. స్త్రీ వేగు తేగలదన్న సంగతి ఇంత పాతది. అయితే వేగును నడిపించే పెత్తనం స్త్రీ చేతికి వచ్చుటకు చాలా కాలం పట్టినది. బ్రిటనులో దేశాంతర్గత రక్షణ చూచే గూఢచారి శాఖ ఎం.ఐ.5 కు 1992లో స్టెల్లా రిమింగ్టన్ అధిపతి అయినారు. ఆ శాఖకు ఆమెయే తొలి మహిళాధిపతి. అమెరికాలో గూఢచారి శాఖలన్నింటిపై ఉండే జాతీయ అధిపతి పదవి 2021లో ఏవ్రిల్ హేన్స్‌కు దక్కినది. సెనేటు ఆమోదంతో ఆ పదవి చేపట్టిన స్త్రీలలో ఆమెయే మొదటివారు.

ఇవి జీతమూ, ముద్రా, కార్యాలయమూ గల పదవులు. అవేవీ లేకుండానే అటువంటి బాధ్యత వహించిన స్త్రీలు మన తెలుగునాట ఉన్నారు. నేటి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలను పటంలో వరుసగా చూచినచో, జనగామ మెట్ట నేల నుండి మానుకోట అడవులకూ, అక్కడి నుండి గోదావరి ఒడ్డుకూ సాగే ఒక పెద్ద ప్రదేశం కనబడును. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి ఈ నేల ముఖ్యమైన రంగస్థలాలలో ఒకటి. ఆ పోరాటపు మంచిచెడ్డలను చరిత్రకారులు ఇప్పటికీ తర్కిస్తూనే ఉన్నారు. ఈ ప్రసంగానికి విషయం ఆ తర్కం కాదు. తుపాకి కంటే ముందు వార్త నడవవలెను. ఆ వార్తను ఎవరు మోసినారు, ఎవరు నడిపించినారు అన్నదే ఇక్కడ ప్రశ్న.

మొదట గడి సంగతి చూతము. ఆనాడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండెడిది. విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి క్రింద నలభై వేల ఎకరాల భూమి ఉండెనని ప్రతీతి. ఇంత నేలమీద ఏ పల్లెలో ఏమి జరుగుచున్నదో గడికి తెలియుట ఎట్లు? వెట్టి వలన. వెట్టివారు వంతుల మీద చావడి కాచేవారు. గ్రామాధికారుల కాగితాలను ఠాణాకూ, తాలూకా కచేరీకీ మోసేవారు. దొర బండికి ముందూ వెనుకా పరుగెత్తేవారు. కూలి లేదు. గడికి కన్నులూ, చెవులూ, కాళ్ళూ అన్నీ వెట్టివారివే. కనుక ఆంధ్రమహాసభ సంఘాలు వెట్టిని మాన్పించినప్పుడు గడికి పోయినది పనివారు మాత్రమే కాదు, వార్తలు వచ్చే దారి కూడా తెగినది. గడి కబురు మోయుట మానిన కాళ్ళే సంఘం కబురు మోయసాగినవి.

పాలకుర్తి చిట్యాల ఐలమ్మ (1895–1985) కథ అందరికీ తెలిసినదే. చాకలి వృత్తి గల ఆ కుటుంబం కౌలుకు చేసిన పొలంలోని పంటను దేశముఖు మనుషులు కోసుకొనిపోవ వచ్చినారు. సంఘం వారు అడ్డుపడి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చినారు. ఈ కథలో అందరికీ గుర్తున్నది ఐలమ్మ ధైర్యం. గుర్తుంచుకొనదగినది మరొకటి కూడా ఉన్నది. కోతకు మనుషులు వచ్చుచున్నారన్న సంగతి కోత అయిన తరువాత తెలిసి ప్రయోజనం లేదు. సమయానికి తెలిసినది గనుకనే పంట దక్కినది. సంఘం వారికి ఆశ్రయమిచ్చినది ఆమె ఇల్లే. ఆ ఇంటికి మనుషులు వచ్చేవారు, మాటలు వచ్చేవి. ఆ కారణంగానే ఆ ఇల్లు గడి పగకు గురియై తగులబడినది.

1946 జూలై 4వ తేదీన కడవెండిలో, ఊరేగింపుపై దేశముఖు మనుషులు జరిపిన కాల్పులలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినాడు. ఆ తరువాత పోరాటం తాలూకాలు దాటి వ్యాపించినది. రజాకారుల దాడులు పెరిగినవి. 1948 సెప్టెంబరు 13వ తేదీన భారత సైన్యం ప్రవేశించినది, 17వ తేదీన నిజాము లొంగిపోయినాడు. పోరాటం మాత్రం ఆగలేదు. ఆ తరువాత మూడేండ్లపాటు పల్లెలలో సైనిక, పోలీసు శిబిరాలు వెలసినవి. జనగామ, మహబూబాబాదు రెండూ రైలు స్టేషన్లు గల ఊళ్ళు. ప్రభుత్వానికి రైలు ఉన్నది, లారీ ఉన్నది, తంతి ఉన్నది. అడవిలోని దళానికి ఉన్నది కాలినడక ఒక్కటే. లారీ కంటే ముందు కాలినడక చేరవలసిన పందెమది. ఓడితే పోయేది ప్రాణాలు.

ఈ పందెంలో స్త్రీలు ఎందుకు ముందు నిలిచినారు? బాటమీద వయసులో ఉన్న మగవాడు కనబడితే శిబిరం వారు ఆపి అడిగేవారు. గడ్డిమోపుతో వచ్చే స్త్రీని చూచిన వారికి ఆమె నిత్యం చేసే పనే కనబడేది. ఆనాటి స్త్రీలు తరువాతి కాలంలో చెప్పిన జ్ఞాపకాలలో, దళాలకు అన్నంతోపాటు సమాచారం చేరవేసిన సంగతి మరల మరల వినబడును. చూచుటకు చిన్నదిగా తోచే ఈ పనిలో మూడు బుద్ధులు ఇమిడి ఉన్నవి. చూచినదానిని పెంచకుండా, తగ్గించకుండా గుర్తుంచుకొనుట మొదటిది. దానిని చెప్పవలసిన మనిషికే చెప్పుట రెండవది. పట్టుబడితే చెప్పకుండుట మూడవది. ఈ మూడవదానికి స్త్రీలు చెల్లించిన వెల చాలా పెద్దది. అన్నం పెట్టినది ఎవరు, దారి చూపినది ఎవరు అని అడుగుతూ శిబిరాలలో వారిని హింసించినారు.

వార్త మోయుట ఒక ఎత్తు, వచ్చిన వార్తలలో దేనిని నమ్మవలెనో తేల్చి దళాన్ని కదిలించుట మరొక ఎత్తు. నాయకత్వం అనునది ఇదియే. ఈ రెండవ పనికి ఎక్కిన స్త్రీలలో మల్లు స్వరాజ్యం ముఖ్యులు. ఆమె 1931లో నేటి సూర్యాపేట జిల్లాలోని కర్విరాల కొత్తగూడెంలో, భూవసతి గల భీమిరెడ్డి వారింట జన్మించినారు. పదునొకండేండ్ల ప్రాయంలోనే ఇంటి ధాన్యాన్ని వెట్టివారికి పంచిపెట్టినారు. ఇరువది ఏండ్లు నిండకముందే దళ నాయకురాలై, 'రాజక్క' అన్న మారుపేరుతో గోదావరి ప్రాంతపు అడవులలో కోయ పల్లెల నడుమ పనిచేసినారు. ప్రభుత్వం ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టినది. అంత సొమ్ము ఆనాటి కూలివాడు జన్మలో చూడడు. అయినప్పటికీ ఆమెను పట్టియిచ్చిన పల్లె లేదు. మనుషులను గుర్తించి నమ్ముటలోనూ, వారి నమ్మకాన్ని నిలుపుకొనుటలోనూ ఆమెకు గల శక్తికి ఇంతకంటే వేరు సాక్ష్యం అక్కరలేదు.

ఈ నమ్మకం విలువ ప్రభుత్వానికీ తెలిసినది. అందుచేతనే అడవి గూడేలను ఖాళీ చేయించి, కోయలను శిబిరాలకు దగ్గరగా ఒకచోట చేర్చే పద్ధతి అవలంబించినారు. మలయాలో బ్రిటిషువారు 1950లో పెద్ద ఎత్తున చేపట్టిన పద్ధతి కూడా ఇటువంటిదే. దళానికి అన్నం తెగితే కొన్ని దినములు కందమూలాలతో గడుపవచ్చును, వార్త తెగితే ఒక దినమైనా గడవదు.

1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించినారు. ఆరుట్ల కమలాదేవి ఆలేరు నుండి మూడు పర్యాయాలు శాసనసభకు ఎన్నికైనారు. స్వరాజ్యం 1978, 1983 సంవత్సరాలలో తుంగతుర్తి నుండి ఎన్నికై, 2022 మార్చి 19వ తేదీన కన్నుమూసినారు. తక్కినవారు? వారిని ఇండ్లకు పొమ్మన్నారు. వారి మాటలను సేకరించి స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' అను గ్రంథాన్ని 1986లో వెలువరించునంత వరకు, ఈ పోరాట చరిత్రలో వారు చాలవరకు పేరులేని వారే.

ఇందుకు ఒక కారణం ఆ పనిలోనే ఉన్నది. స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు 1980లో సవరించిన కేంద్ర నిబంధనలు చూడుడు. సామాన్యంగా ఆరు నెలలు, స్త్రీలైతే మూడు నెలలు జైలులో ఉన్నట్లు రుజువు కావలెను. అజ్ఞాతంలో ఉన్నామన్న వారు తమను నేరస్థులుగా ప్రకటించినట్లో, తమ తలకు వెల కట్టినట్లో, నిర్బంధపు ఉత్తరువు వెలువడినట్లో కాగితం చూపవలెను. వేగు తెచ్చే మనిషికి ఇవి ఎక్కడివి? ఆమె పని చక్కగా చేసినదంటేనే పట్టుబడలేదని అర్థం, ఆమె పేరు ఏ ఠాణా పుస్తకంలోనూ ఎక్కలేదని అర్థం. పొరపాటు చేసి దొరికిన దానికి రుజువు మిగులును. ఒక్కసారియైనా దొరకని దానికి ఏమీ మిగలదు. ఆమె చేతి చీటీ చదివిన వెంటనే చింపివేయవలసినదే.

గద్దెలపై శిల్పాలు వేయించిన ఓరుగల్లు రాజులకు శాసనాలున్నవి. ఈ స్త్రీలకు శాసనాలు లేవు, ఉండుటకు వీలులేదు. ఆనాడు పడుచులుగా ఉన్నవారిలో నేడు జీవించియున్న వారు అతి స్వల్పం. కాని పాలకుర్తి, కడవెండి పల్లెలలో, మానుకోట తండాలలో, గోదావరి ఒడ్డు గూడేలలో, అవ్వ చెప్పిన మాటలు విన్న మనుమలూ మనుమరాండ్రూ ఉన్నారు. ఆ అవ్వ ఏ బాటన నడిచినది, ఏ ఇంటి వెనుక ఎవరికి ఏ మాట చెప్పినది అన్న సంగతి వారి చెవులలో ఇంకా మిగిలి ఉండును. వ్రాతకు అందని చరిత్రను విని భద్రపరచవలెను. ఆ పని వారు జీవించియున్నప్పుడే జరుగవలెను.